సప్తద్వీపముల నయినఁ... ఆ చివరి మాట ఏమిటి?

వానచినుకు: 1886లో టాల్‌స్టాయ్ రాసిన కథ, మనిషికి ఎంత నేల కావాలి అన్నది, నిన్న రాత్రి మళ్ళీ చదివాను. అరచేయిలా చదునైన నేల, పల్లాల్లో ఛాతీదాకా గడ్డి. బష్కీరులు దాన్ని దున్నరు, మందలు మేపుకుంటారు. ఎంత నేలున్నా తృప్తిలేని రైతు పహోం కంటికి మాత్రం అదంతా దుక్కిలాగే కనిపించింది. అప్పట్నుంచి పోతన భాగవతంలో వామనుడు బలితో చెప్పే పద్యం నాలుకమీదే ఆడుతోంది. ‘తృప్తిం జెందని మనుజుఁడు సప్తద్వీపముల నయిన...’ తర్వాత చక్కబడునేనా, దక్కంబడునేనా?

గురులఘువు: ‘జక్కంబడునే’. సున్న వదలకండి. కందం కదా, ‘జక్కం’ ‘బడునే’ అని రెండు గణాలూ సరిపోతాయి. సున్న తీసేస్తే చివర ‘డునే’ మిగిలి ఒక మాత్ర తగ్గిపోతుంది. ఇక ‘దక్కం’ అంటే యతి చెడుతుంది. ‘స’కి ‘జ’తో చెల్లుతుంది, ‘ద’తో చెల్లదు.

పాతఅటక: సున్న సంగతి సరే, అర్థం? మా నాన్నగారు ‘బాగుపడతాడా’ అని చెప్పేవారు. నాకు మాత్రం ‘చక్క’లో తిన్నన, చదును అనే అర్థం వినబడుతుంది. ఎందుకంటే అక్కడే ‘ఆశాపాశము దాఁ గడున్ నిడుపు’ పద్యంలో వైన్యుడు వస్తాడు. అంటే పృథువు, వింటికొనతో కొండ శిఖరాలు పగలగొట్టి నేలను చదును చేసినవాడు. నేలను చక్కబరిచాడు, తను చక్కంబడలేదు.

గురులఘువు: ఊహ బాగుంది గానీ పృథువుకి అన్యాయం జరుగుతోంది. చదును చెయ్యమన్నది భూదేవే కదండీ, వానాకాలం వెళ్ళాక కూడా నీళ్ళు నిలవాలని. అంతకుముందు ఓషధుల్ని తనలో దాచేసుకున్నదీ, అదుపులేనివాళ్ళు తినేస్తున్నారనే. ఆవు రూపంలో ఉన్న ఆమె, పాలివ్వాలంటే ముందు దూడని చూపించమంది. ఆ ఘట్టం మొత్తంలో నాకు బాగా ఇష్టమైనది ఆ దూడే.

పాతఅటక: మరి వామనుడు ఆశకి ఉదాహరణగా అతన్నే ఎందుకు ఎత్తుకున్నాడు? ‘నిజాశాంతంబులం జూచిరే’ అంటాడు. ఆశ అంటే దిక్కు కూడా. దిగంతాలు చూసినవాళ్ళు తమ ఆశకి అంతం చూడలేకపోయారు. పోతన ఆ మాట ఊరికే వెయ్యలేదు.

తెల్లకాగితం: సంస్కృత మూలంలో ‘తృష్ణాయాః’ అని ఉంది. అందులో దిక్కులేమీ లేవు.

పాతఅటక: నేననేదీ అదే. తృష్ణ ఉన్నచోట ఆశ వచ్చి కూర్చుందంటే కావాలనే తెచ్చాడు.

తెల్లకాగితం: పద్యం మొదలే ‘ఆశాపాశము’. ఆ మాటే చివరిదాకా నడిచింది, అంతే. శ్లేష దాకా వెళ్ళనక్కర్లేదు.

వానచినుకు: ఇంకొకటి. పహోంని పూడ్చిన గోతి కొలత ఇంగ్లీషులో ఆరడుగులు, రష్యన్ మూలంలో మాత్రం మూడు అర్షీన్లు, అది అక్కడి పాత కొలత. అక్కడ కూడా మూడే! వామనుడు అడిగిందీ మూడే కదా అని ఒళ్ళు జలదరించింది.

గురులఘువు: పోతన వామనుడు మొదట అడిగేటప్పుడు ‘మూడు’ అని కూడా అనడు చూడండి. ‘ఒంటివాఁడ నాకు నొకటి రెండడుగుల మేర యిమ్ము’. ఒకటీ రెండూ కలుపుకోవాల్సింది బలి చక్రవర్తే. ఆ చిన్నపిల్లవాడి గొంతు పోతనకి ఎలా పట్టుబడిందో! ఎన్నిసార్లు చదివినా ‘ఒంటివాఁడ’ దగ్గర ఆగిపోతాను.

తెల్లకాగితం: ఆ తర్వాతి ‘సొమ్ము మేర యొల్ల’ ఇంకా బాగుంటుంది నాకు. అదే ‘మేర’, ఒకసారి నేలకి, ఒకసారి డబ్బుకి.

వానచినుకు: బాగుంది గానీ, చక్కంబడడం అంటే చివరికి బాగుపడడమా, చదునవడమా?

పాతఅటక: చదునే.

గురులఘువు: బాగుపడడమే. సాయంత్రం నిఘంటువు తీసి చూస్తాను.