థార్ డీజిల్, సిటీలో 8.8 వస్తోంది. ఇది మామూలేనా?

మియాపూర్_మట్టిరోడ్:
అందరికీ నమస్తే. నాది 2021 మహీంద్రా థార్ జీపు, డీజిల్ మాన్యువల్, ఏఎక్స్ ఆప్షనల్ సాఫ్ట్ టాప్. ఇల్లు మియాపూర్, ఆఫీసు నానక్‌రాంగూడ. పోనూ రానూ కలిపి రోజుకి 30 కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ ఆ ముప్పైలోనే ట్రాఫిక్ ఆగిపోయే ఆల్విన్ చౌరస్తా ఉంది, కొత్తగూడ ఉంది, హైదరాబాద్ వాళ్లకి ఇంక చెప్పక్కర్లేదు. కొన్న కొత్తలో లీటరుకి 11 దాకా వచ్చేది. ఈ నెల మొదట్లో ఫుల్ కొట్టించి మళ్లీ నిన్న అదే బంకులో ఫుల్ కొట్టిస్తే 412 కిలోమీటర్లకి 46.8 లీటర్లు పట్టింది, అంటే 8.8 అన్నమాట. స్క్రీన్ మీద మాత్రం 9.9 అని దర్జాగా చూపిస్తోంది.

మధ్యలో నేను చేసిన పనులు కూడా చెప్పేస్తా, తర్వాత తిట్టకండి. మూడు నెలల కింద టైర్లు మార్చా, 245/75 ఆర్16 తీసేసి 265/75 ఆర్16 మడ్ టైర్లు వేయించా. ముందు స్టీల్ బంపర్. పోయిన నెల వికారాబాద్ అనంతగిరి వైపు ఫ్రెండ్స్‌తో మట్టిలో తిప్పా. నేను సర్వీసు చేయించే చోట అడిగితే "అన్ని బళ్లూ అంతే సార్" అని నవ్వేశారు. కోదాడ నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "అది బండేనా, పొలంలో డీజిల్ ఇంజనా" అంటున్నాడు. 15, 16 రావాలని నేను అనట్లేదు, కానీ ఎక్కడో ఏదో తేడా ఉందా లేక నాకే పిచ్చి మొదలైందా, చెప్పండి.

సిద్దిపేట_సెకండ్‌హ్యాండ్:
అన్నా, తిట్టొద్దన్నవ్ గానీ టైర్ల దగ్గర తిట్టాల్సిందే. లెక్క చేసి చూడు. నీ పాత టైరు ఎత్తు 774 మిల్లీమీటర్లు, కొత్తది 804. దగ్గర దగ్గర 4 శాతం పెద్దగైంది. మీటరుకు ఆ సంగతి తెల్వదు కదా, అది ఇంకా పాత టైరే అనుకొని లెక్కపెడ్తది. అంటే నీ మీటర్ల 412 తిరిగినప్పుడు బండి నిజంగ నడిచింది 428. 428ని 46.8తోని భాగిస్తే 9.1. ఉత్తగనే కొంచెం పెరిగింది చూసినవా, డీజిల్ ఏం పోయకుండనే 😄 స్పీడోమీటర్ గూడ ఇప్పుడు తక్కువ చూపిస్తది, కెమెరాల దగ్గర జర పైలం.

కానీ సంబురపడకు. మడ్ టైరు బరువెక్కువ, గడ్డలు గడ్డలుంటది, రోడ్డు మీద గుయ్యిమంటది, ఆ సప్పుడంతా నీ డీజిలే. సిగ్నల్ దగ్గర ఆగి లేచినప్పుడల్లా ఆ నాలుగు బరువుల్ని మళ్ల తిప్పాలె. ఇంకోటి, స్టీల్ బంపర్ అన్నవ్, ముందల అడ్డంగ బిగించే ఇనుప గార్డు, బుల్ బార్ అంటరు, గిట్ల ఉంటె తీసెయ్. 2017లనే కేంద్రం వద్దన్నది.

పాత_మేజర్:
బాబూ, రెండు ప్రశ్నలు. ఒకటి, రెండు చక్రాలా నాలుగు చక్రాలా అని మార్చే ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ టూ-హైలోనే, అంటే వెనక రెండు చక్రాలకే ఇంజన్ బలం వెళ్లేలా ఉందా? నవ్వకు, మా బావమరిది వానాకాలం మొదలైందని నాలుగు చక్రాలూ లాగే ఫోర్-హైలో వేసి దసరా దాకా అలాగే తిప్పాడు, పార్కింగులో తిప్పుతుంటే బండి పట్టేసినట్టు కుదుపులొస్తున్నాయని మెకానిక్ దగ్గరికి పోతే అతను లివర్ చూపించి టీ తాగి పంపించాడు. పొడి రోడ్డు మీద ఫోర్-హై వాడకూడదు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య సర్దుకునే డిఫరెన్షియల్ అందులో ఉండదు.

రెండోది, వికారాబాద్‌లో మట్టి కోసం గాలి తగ్గించావా? తగ్గిస్తే వచ్చాక ఎంత కొట్టించావు, ఎవరి గేజితో చూశావు?

గాజువాక_జిమ్నీ:
నాది మారుతి జిమ్నీ మాన్యువల్ అండి, విశాఖ. కంపెనీ లెక్క 16.94, నాకు గాజువాక ట్రాఫిక్‌లో 12.5, 13 మధ్యన, హైవే మీద తిన్నగా వెళ్తే 16. ట్యాంకు 40 లీటర్లే కాబట్టి మాటిమాటికీ బంకు మొహం చూడాలి, మీకు 57 కదా, అదృష్టవంతులు. ఆ కంపెనీ నంబరు వచ్చేది రోడ్డు మీద కాదు, ల్యాబ్‌లో రోలర్ల మీద బండిని 20 నిమిషాలు కూడా తిప్పరు, పదీ పదకొండు కిలోమీటర్లు, స్పీడు 90 దాటదు. అందులో ఆల్విన్ చౌరస్తా ఉండదు కదండీ.

మొన్న అరకు వెళ్లినప్పుడు ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతున్నంతసేపూ రెండూ మూడూ గేర్లే, స్క్రీన్ మీద 9 చూసి మా ఆవిడ "ఇంతోటి దానికి కారెందుకు" అంది, తీరా దిగేటప్పుడు అదే రోడ్డు మీద 22 చూపించింది, అప్పుడు ఆవిడ నిద్రపోతోంది, ఏం లాభం. మావి పెట్రోలు కాబట్టి ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గొడవ కూడా ఉంది. వాట్సాప్‌లో మైలేజీ సగానికి పడిపోతుందని తిప్పుతున్నారు గానీ అంత లేదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే అసలు పెట్రోలు మీద 6, 7 శాతం తగ్గాలి. అందులో 10 శాతం ముందు నుంచీ కలుస్తూనే ఉంది, కొత్తగా పోయింది 3, 4 శాతమే.

మియాపూర్_మట్టిరోడ్:
@పాత_మేజర్ అంకుల్, లివర్ టూ-హైలోనే ఉంది, మీ ప్రశ్న చదివి కిందికి పోయి మరీ చూసొచ్చా. గాలి మాత్రం 20 పీఎస్ఐకి తగ్గించా, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒక బంకులో 32 కొట్టమన్నా, మిషన్ మీద 32 అనే ఉంది, అంతే. సొంత గేజి లేదు, ఇవాళే ఆర్డర్ పెట్టా.

డాలస్_దొడ్డమ్మ_కొడుకు:
ఇక్కడ అమెరికాలో నా జీప్ రాంగ్లర్ గ్యాలన్‌కి 17 మైళ్లు ఇస్తుంది, లీటరుకి కిలోమీటర్లలోకి మారిస్తే 7.2. మీరంతా 9 దగ్గర ఏడుస్తుంటే చదువుతూ కాఫీ తాగుతున్నా. కాకపోతే ఇక్కడ మేం కట్టే రేటుతో హైదరాబాద్ డీజిల్ రేటు పోలిస్తే ఏడుపు మీదే కరెక్ట్.

సిద్దిపేట_సెకండ్‌హ్యాండ్:
ఒక్కటి మర్చిపోయిన. 15 కిలోమీటర్ల ఆఫీసంటే ఇంజన్ సరిగ్గ వేడెక్కేలోపలే పార్కింగొస్తది. కొత్త కాలుష్య రూల్ బీఎస్6 డీజిల్ కాబట్టి డీపీఎఫ్‌ల, అంటే పొగల మసిని పట్టే ఫిల్టర్ల, మసి పేరుకుంటది, దాన్ని కాల్చనీకి బండి అదనంగ డీజిల్ పోసుకుంటది. ఇంటికొచ్చి ఆపినంక గూడ ఫ్యాన్ బుర్రుమని తిరుగుతుందంటే సగం కాలినప్పుడే ఆపేసినవన్నట్టు, మర్నాడు మళ్ల మొదటికొస్తది. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట నడుపు. 120 దాక ఒప్పుకుంటరని 120 కొట్టకు, థార్ అంటే గాలికి ఎదురుంగ నిలబెట్టిన బీరువా. 80 మీదికెళ్లి 110కి పోతె గాలి అడ్డం దగ్గర దగ్గర రెట్టింపైతది.

మియాపూర్_మట్టిరోడ్:
అప్‌డేట్ ఇస్తానని ఇవ్వకుండా పోయే బ్యాచ్ కాదు నేను. గేజి వచ్చింది. పొద్దున్నే బండి కదలకముందు పెట్టి చూస్తే నాలుగింటిలో మూడు 25, 26, ఎడమ వెనకది 23! అంటే ఆ బంకు మిషన్ 32 అని చూపించింది ఉత్తిదే, నెలంతా చప్పటి టైర్ల మీద తిరిగా. నాలుగూ 33కి పెట్టా. రెండు ఆదివారాలు ఔటర్ మీద 85 దాటకుండా గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా పోయొచ్చా, వెనకాల ఆల్టో వాడు కూడా లైట్లు కొట్టి ఓవర్‌టేక్ చేశాడు, పోనీ అనుకున్నా.

నిన్న మళ్లీ ఫుల్ టు ఫుల్. అదే బంకు, అదే పంపు, ఆటో కట్ అవ్వగానే ఆపించా, కుర్రాడు రౌండ్ ఫిగర్ చేస్తా సార్ అన్నా వద్దన్నా. మీటర్ మీద 455, పట్టింది 47.1, అంటే 9.7. టైరు లెక్క కలిపితే 473 కిలోమీటర్లు, 10.0. ఇందులో ఔటర్ వాటా ఎంతో, గాలి వాటా ఎంతో విడదీయలేను గానీ, పాత 11కి ఇంకా ఒకటి తక్కువ. అది టైర్లు తింటున్నాయి, ఒప్పుకుంటున్నా. తీయను మాత్రం.

నాన్నకి 10 అని చెప్పా. "మన ట్రాక్టర్ నయం" అన్నాడు.