పడక ఖాళీ లేదంటున్నారు – విజయవాడ, గుంటూరులో సైకియాట్రీ అడ్మిషన్ ఎలా దొరుకుతుంది?

కృష్ణలంక_7:
26 ఏళ్ల అబ్బాయి. బైపోలార్ (ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) అని మూడేళ్ల కిందటే తేల్చారు, లిథియం వాడేవాడు. రెండు నెలలుగా మాత్రలు మానేశాడు. నాలుగు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు. ఆగకుండా మాటలు, ఫోన్‌లో కనిపించినవాళ్లందరికీ డబ్బులు పంపడం, అడ్డొస్తే చెయ్యెత్తడం. ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో చూపిస్తే మాత్రలు రాసి, “పడక ఖాళీ లేదు, వైజాగ్ తీసుకెళ్లండి” అన్నారు. కోర్టు ఆర్డరు ఉంటేగానీ చేర్చుకోరని ఇంకొకరు చెప్పారు. రేషన్ కార్డు కుటుంబం, ప్రైవేటులో పెట్టే స్థోమత లేదు. అడగాల్సినవి మూడు. నిజంగానే కోర్టుకు వెళ్లాలా? వైజాగ్ తప్ప దారి లేదా? పడక దొరికేదాకా ఇంట్లో ఏం చెయ్యాలి?

క్యాజువాల్టీ_డ్యూటీ:
“పడక లేదు” అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు కారణాలు దాక్కుని ఉంటాయండీ. ఏ కారణమో పట్టుకుంటే సగం పని అయినట్టే.

అన్నిటికంటే ఎక్కువగా అడ్డుపడేది రోగి తాలూకు మనిషి లేకపోవడం. జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ వార్డు మామూలు వార్డులాంటిదే, తాళం వేసి ఉంచేది కాదు. పగలూ రాత్రీ పక్కన ఒకరు ఉంటారంటేనే ధైర్యంగా చేర్చుకుంటారు. తల్లి ఒక్కతే వచ్చి, మనిషి ఆరడుగుల ఎత్తుండి కొట్టడానికి వస్తుంటే, మంచం ఖాళీగా ఉన్నా “లేదు” అనే అంటారు. వెళ్లేటప్పుడే ఇద్దరు మగవాళ్లు వెళ్లండి. “వంతులవారీగా మేముంటాం” అని అడగకముందే చెప్పండి. జవాబు మారడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

రెండోది, వెళ్లిన తలుపు. ఓపీ చీటీతో ఉదయం వందమంది వెనక నిలబడితే ఆ డాక్టరుకు మీకిచ్చే టైము రెండు మూడు నిమిషాలు. నాలుగు రాత్రులు నిద్ర లేకుండా చెయ్యి చేసుకుంటున్న మనిషిది ఓపీ కేసు కాదు, ఎమర్జెన్సీ. నేరుగా క్యాజువాల్టీకి వెళ్లండి. అక్కడి డ్యూటీ డాక్టరే సైకియాట్రీ వాళ్లకు కాల్ పంపుతారు. ముందు ఇంజెక్షన్ పడి ఐదారు గంటలు నిద్రపోతే, సాయంత్రానికి అదే మనిషిని ఓపెన్ వార్డులో పెట్టుకోవడానికి ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉండదు.

మూడోది, ఒంట్లో ఇంకేదైనా ఉందేమోనన్న అనుమానం. జ్వరం, తలకు దెబ్బ, సుగరు పడిపోవడం, పెద్దవాళ్లలో సోడియం తగ్గడం, థైరాయిడ్ – ఇవన్నీ “పిచ్చిమాటలు” మాట్లాడిస్తాయి. అందుకే ఫిజీషియన్ చూసి సరే అంటేగానీ సైకియాట్రీ వార్డు తీసుకోదు. రక్తకణాలకు సీబీపీ, సుగరు, కిడ్నీకి క్రియాటినిన్, సోడియం, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఈసీజీ క్యాజువాల్టీలోనే అడిగి చేయించుకోండి. వైజాగ్ వెళ్లినా ఇవే అడుగుతారు.

తాగుడు మానేసిన రెండో మూడో రోజున చేతులు వణికి, గోడమీద పురుగులు పాకుతున్నాయంటున్నవాళ్లను కూడా సైకియాట్రీ పడక కోసమే తిప్పుతుంటారు. వాళ్లకు కావాల్సింది జనరల్ మెడిసిన్ మంచం, ఒక్కోసారి ఐసీయూ. ఫిట్స్ సాధారణంగా తాగడం ఆపిన 6 నుంచి 48 గంటల్లో వస్తాయి, అసలు ప్రమాదం 48 నుంచి 96 గంటల మధ్య. వాళ్లకు సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ పడాలి. మీ అబ్బాయికి ఈ బాధ లేకపోతే సరే, ఉంటే మొదటి వాక్యంలోనే చెప్పండి.

చీటీ మీద ఒక ముక్క రాయించుకోండి: “పడక లేదు, ఫలానా చోటికి పంపుతున్నాం”, తేదీ, టైము, సంతకం. నోటిమాటగా పంపించెయ్యడం తేలిక, సంతకం పెట్టి పంపడం అంత తేలిక కాదు. రాయకపోతే డ్యూటీ ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గది ఎక్కడో అడగండి. గొడవ పడొద్దు, గొంతు పెంచిన చోట పడక దొరకదు.

బ్రాడీపేట_లా:
కోర్టు సంగతి నేను చెబుతాను. 1987 నాటి పాత మానసిక ఆరోగ్య చట్టం కింద రిసెప్షన్ ఆర్డర్ అని ఉండేది, మేజిస్ట్రేటు ఇచ్చేవారు. ఆ అలవాటు ఇంకా కొందరి నోట్లోంచి పోలేదు. ఇప్పుడు నడిచేది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇంటివాళ్లు తీసుకొచ్చిన రోగికి కోర్టు ఆర్డరు అక్కర్లేదు.

రోగి తనంతట తాను ఒప్పుకుంటే 86వ సెక్షన్, సొంత అడ్మిషన్. ఒప్పుకోకపోతే 89వ సెక్షన్. దానికి నామినేటెడ్ ప్రతినిధి, అంటే రోగి తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు ఇవ్వాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు, ఇద్దరూ విడివిడిగా చూడాలి. చేర్చిన రోజునగానీ అంతకుముందు ఏడు రోజుల్లోగానీ చూసి ఉండాలి. తనకుగానీ ఇతరులకుగానీ హాని చేస్తాడనో, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడనో ఇద్దరూ రాయాలి. గరిష్ఠం 30 రోజులు. ఆపైన ఉంచాలంటే 90వ సెక్షన్, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి. ప్రతినిధిని రోగి ముందుగా తెల్లకాగితం మీద రాసి పెట్టకపోతే దగ్గరి బంధువే ప్రతినిధి. తమ్ముడు వెళ్తాడా, తండ్రి వెళ్తాడా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి. దరఖాస్తు మీద ఒకరు సంతకం పెట్టి, “వద్దు, ఇంటికి తీసుకుపోతాం” అని ఇంకొకరు అంటే అడ్మిషన్ అక్కడే ఆగిపోతుంది.

పడక విషయంలో మీకు పనికొచ్చేది 94వ సెక్షన్. ప్రాణానికి, ఒంటికి ముప్పు ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ వైద్యుడైనా, ఏ ఆసుపత్రిలోనైనా, 72 గంటలదాకా అత్యవసర చికిత్స చెయ్యొచ్చు. సైకియాట్రిస్టే కానక్కర్లేదు, సైకియాట్రీ వార్డే కానక్కర్లేదు. ప్రతినిధి దొరికితే అతని సమ్మతి తీసుకోవాలి. దగ్గర్లోని మానసిక వైద్య సంస్థకు తరలించడం కూడా ఆ చికిత్సలో భాగమే. కరెంటు చికిత్స మాత్రం ఇందులో రాదు. అంటే ఏరియా ఆసుపత్రిలో జనరల్ వార్డు మంచం మీద మూడు రోజులు నిద్రపుచ్చడానికి చట్టం అడ్డం కాదు. ఈ సంగతి తెలియకే చాలామంది రోగుల్ని రాత్రికి రాత్రి ఊళ్లు తిప్పుతారు.

మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి 101, 102 సెక్షన్లది. ఇంట్లోవాళ్లే కట్టేసి హింసిస్తున్నప్పుడో, పట్టించుకోనప్పుడో అది వాడతారు. రోడ్డున తిరిగేవాళ్లను 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చడం 100వ సెక్షన్ ప్రకారం పోలీసుల బాధ్యత, లాకప్‌లో పెట్టకూడదు. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ ఎక్కడైనా, ఏ రూపంలోనైనా నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులకు కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో పోయాక కూడా ఈ మాట చట్టంలోకి ఎక్కడానికి పదహారేళ్లు పట్టింది.

జిల్లాలో ప్రభుత్వ సేవ లేకపోతే అదే జిల్లాలో వేరేచోట అయిన ఖర్చు ప్రభుత్వం భరించాలని 18వ సెక్షన్‌లో ఉంది. కాగితం మీద ఉంది. దాన్ని నమ్ముకుని ప్రైవేటులో అడ్వాన్సు కట్టెయ్యకండి. ముందు చీటీ మీద “పడక లేదు” అన్న రాత, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత వకీలు, ఈ వరుసలో పోవాలి. న్యాయసేవల నంబరు 15100.

కృష్ణలంక_7:
చాలా థాంక్సండీ. మరి వైజాగ్ సంగతి? ఈ స్థితిలో ఆరేడు గంటల ప్రయాణం ఎలా?

క్యాజువాల్టీ_డ్యూటీ:
వైజాగ్ అంటే చిన వాల్తేరు మానసిక వైద్యశాల, 300 పడకలు. రాష్ట్ర విభజనతో ఎర్రగడ్డ ఆసుపత్రి తెలంగాణకు పోయింది కదా, కోస్తా అంతా బరువు అటే పడింది. అక్కడికి బయల్దేరేముందు దగ్గర్లో ఉన్నవి చూసుకోండి. విజయవాడ, గుంటూరు జీజీహెచ్‌లు (ప్రభుత్వ పెద్దాసుపత్రులు) రెండింట్లోనూ సైకియాట్రీ విభాగం ఉంది, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. 35 కిలోమీటర్ల లోపల మూడు తలుపులు. గుంటూరుకు పల్నాడు, బాపట్ల జనం కూడా వస్తారు కాబట్టి అక్కడ నిండితే విజయవాడ చూడాలి, ఇక్కడ నిండితే అక్కడ చూడాలి. ఊరి చుట్టూ ఉన్న ప్రైవేటు మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో జనరల్ వార్డు ఛార్జీ తక్కువ, ఫోన్ చేసి “సైకియాట్రీ మేల్ వార్డులో ఖాళీ ఉందా” అని నేరుగా అడగండి. ఈఎస్‌ఐ కార్డుంటే గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి నుంచి రిఫరల్ రాయించుకోవచ్చు.

తీసుకెళ్లే పద్ధతి: బండి మీద ఇద్దరి మధ్యలో ఇరికించి తీసుకెళ్లొద్దు. కారైతే వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి రెండు పక్కలా ఇద్దరు, తలుపులకు చైల్డ్ లాక్. ముందు సీటు ఇవ్వొద్దు, స్టీరింగు లాగుతారు. 108కి చేస్తే “మానసిక ఎమర్జెన్సీ, మనిషి కొడుతున్నాడు” అని సూటిగా చెప్పండి. చేతిలో కత్తిలాంటిది ఏదైనా ఉంటే 112 కూడా. పట్టుకోవాల్సివస్తే బోర్లా పడేసి వీపు మీద కూర్చోవద్దు, ఊపిరి ఆగిపోతుంది.

వెంట ఉండాల్సినవి: పాత చీటీలన్నీ, వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, ఆధార్, రేషన్ కార్డు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు: చివరి మాత్ర ఏ తేదీన, నిద్ర లేక ఎన్ని రాత్రులు, నీళ్లూ అన్నం తీసుకుంటున్నాడా, ఎవరినైనా కొట్టాడా. డాక్టరు అడ్మిషన్ రాసేది ఆ నాలుగు ముక్కలు చూసే.

మందుల_చీటీ:
ఇంట్లో ఉండే రెండు మూడు రోజుల గురించి. పాత లిథియం స్ట్రిప్పు దొరికిందని అదే డోసు మళ్లీ మొదలుపెట్టించొద్దు. రెండు నెలల గ్యాప్ తర్వాత క్రియాటినిన్ చూసి డాక్టరే మొదలుపెట్టాలి. మధ్యలో ఎవరైనా డిప్రెషన్ మాత్రలుగానీ స్టెరాయిడ్‌గానీ ఇచ్చి ఉంటే ఆ స్ట్రిప్పు తప్పకుండా చూపించండి, ఉన్న ఉద్రేకానికి అవి ఆజ్యం పోస్తాయి. ఓపీలో రాసిన రాత్రి మాత్ర మింగనంటే సాంబారులో కలిపి పెట్టొద్దు. తెలిసిన రోజున మాత్రతో పాటు అన్నం కూడా మానేస్తాడు. నాలుక మీద కరిగిపోయే రకాలు ఉంటాయి, ఓలాంజపిన్‌లో దొరుకుతాయి, మార్చి రాయమని అడగండి.

ఫోన్‌లోంచి డబ్బు పోవడం ఆపాలంటే గుంజుకోవద్దు, కొట్లాట అక్కడే మొదలవుతుంది. అతను ఒప్పుకుంటే బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి వెయ్యికి తగ్గించండి. బండి తాళాలు వేరే ఇంట్లో ఉంచండి. గుంటూరు వైపు వాళ్లకు ప్రత్యేకంగా: మిర్చికీ పత్తికీ కొట్టే మందు డబ్బాలు వసారాలో ఉంటాయి కదా, అవి ముందు తీసెయ్యాలి. పొలం గదిలో తాళం వేసి, తాళంచెవి మనిషి చేతికి అందనిచోట. కాస్త కుదుటపడి బరువైన దిగులు మొదలయ్యే రోజుల్లో అసలు ముప్పు ఇదే.

లిథియం మళ్లీ మొదలయ్యాక: రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి, పొద్దున మాత్ర వేసుకోకముందు. 0.6 నుంచి 1.2 మధ్య ఉంటే బాగున్నట్టు. మన బెజవాడ మే నెల ఎండలకు చెమటా విరేచనాలూ కలిస్తే అదే డోసు విషమవుతుంది. చెయ్యి మోటుగా వణకడం, నాలుక మడతపడటం, నడకలో తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి రక్తపరీక్షకు తీసుకెళ్లండి. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు, పారాసిటమాల్ ఫర్వాలేదు. ఉప్పు ఒక్కసారిగా మానెయ్యకూడదు.

రైలుపేట_నీళ్లట్యాంకు:
అర్ధరాత్రి ఎవర్ని అడగాలో తెలియకపోతే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. పడక ఇప్పించరుగానీ, ఇది క్యాజువాల్టీకి పోవాల్సిందా తెల్లారేదాకా ఆగొచ్చా అన్నది చెబుతారు.

బ్రాడీపేట_లా:
ఒకటి మర్చిపోయాను. డిశ్చార్జి రోజున ఉత్త చీటీతో రావొద్దు. 98వ సెక్షన్ ప్రకారం తర్వాతి చికిత్స ప్లాను ఇవ్వాలి. నెల మాత్రలు ఎక్కడ తీసుకోవాలి, లిథియం పరీక్ష ఎక్కడ, తర్వాతి తేదీ ఎప్పుడు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. కాబట్టి మీ ఇంటికి దగ్గరి కేంద్రం పేరే రాయించుకోండి, ప్రతి నెలా పెద్దాసుపత్రి క్యూ తప్పుతుంది.

కృష్ణలంక_7:
రేపు పొద్దున ఇద్దరం వెళ్తున్నాం, క్యాజువాల్టీకే. నాలుగు ముక్కల కాగితం రాసేశాను.

క్యాజువాల్టీ_డ్యూటీ:
రేపు పొద్దున ఎందుకండీ? నాలుగు రాత్రులు అయిపోయాయిగా. క్యాజువాల్టీకి వేళలంటూ లేవు, ఇప్పుడే బయల్దేరండి. ఒక బాటిల్ నీళ్లు, దుప్పటి, ఛార్జరు పట్టుకెళ్లండి.