ఇంట్లో మొక్కలకు ఎల్ఈడీ దీపం: ఊదారంగు స్ట్రిప్పులా, తెల్లని బాటెన్లా?

ప్రశ్న (లాసన్స్ బే వాసి):
నమస్కారం. మా ఫ్లాటుకు తూర్పున మరో అపార్ట్‌మెంటు లేచిన తర్వాత బాల్కనీలోకి ఎండ రావడం ఆగిపోయింది. అందువల్ల వంటింటి పక్కన, 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న ఇనుప ర్యాకులో కొత్తిమీర, పుదీనా, తోటకూర పెంచేందుకు ఎల్ఈడీ దీపాన్ని స్వయంగా అమర్చుకోవాలనుకుంటున్నాను. ఎరుపు, నీలం కలిసి ఊదారంగులో వెలిగే 12 వోల్టుల స్ట్రిప్పులు కొనాలా, తెల్లనివి సరిపోతాయా? ఎన్ని వాట్లు కావాలి?

జవాబు (సర్క్యూట్ల పిచ్చి):
తెల్లనివే తీసుకోండి. తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతినంతటినీ మొక్కలు కిరణజన్య సంయోగక్రియకు వాడుకుంటాయి. ఎరుపు, నీలం కాంతులను ఆకు ఎక్కువగా పీల్చుకుంటుందన్నది నిజమే గాని, ఆకుపచ్చ కాంతి వృథా అన్న ప్రచారం సరికాదు; అది ఆకు లోపలి పొరల దాకా వెళ్లి అక్కడ పనిచేస్తుంది. పైగా ఊదారంగు వెలుగులో ఆకు పసుపుబారినా, పేనుబంక పట్టినా కంటికి ఆనదు.

ఆకుకూరల మీద దాదాపు 10,000 లక్సుల (లక్సు అంటే చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ వెలుగు) తెల్లని కాంతి పడితే ఇంటి అవసరానికి చాలు. మీ ర్యాకు వైశాల్యం సుమారు 0.37 చదరపు మీటర్లు కనుక దానిపై 3,700 ల్యూమెన్లు పడాలి. వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే మామూలు బాటెన్లతో (పట్టీలా ఉండే ఎల్ఈడీ ట్యూబులైట్లతో) ఇది 37 వాట్ల లెక్క. పక్కలకు పోయే వెలుగును కూడా కలుపుకొని, 2 అడుగుల 10 వాట్ల బాటెన్లు 5 బిగించి, చుట్టూ తెల్లని అట్ట నిలబెట్టండి. రోజుకు 12 గంటలు వెలిగించినా నెలకు 18 యూనిట్లే అవుతుంది. 12 వోల్టుల తెల్ల స్ట్రిప్పులో మూడేసి ఎల్ఈడీలకు సుమారు 9 వోల్టులు పోగా, మిగిలినది రెసిస్టర్లలో వేడిగా మారుతుంది. నాలుగో వంతు కరెంటును అలా పోగొట్టుకోవడం నాకు నచ్చదు. మొక్కల దీపాల పెట్టె మీద ముద్రించే "1000 వాట్లు" వంటి అంకెలను అసలు పట్టించుకోకండి.

జవాబు (మేడమీది తోట):
కొత్తిమీరకు మాత్రం 16 గంటల వెలుగు పెట్టకండి. పగలు ఎక్కువైనకొద్దీ, వేడి పెరిగినకొద్దీ అది ఆకు మాని పూతకు వస్తుంది. విశాఖ ఎండాకాలంలో ఆ పని మరీ తొందరగా చేస్తుంది. టైమరుతో 12 గంటలకు ఆపి, దీపాన్ని ఆకులకు ఒక అడుగు ఎత్తులో ఉంచండి. కరివేపాకును ఆ ర్యాకులో పెట్టాలని ఆశపడవద్దు.

ప్రశ్న (లాసన్స్ బే వాసి):
ధన్యవాదాలు. ఇనుప ర్యాకు, పక్కనే నీళ్లు, ఆపై సముద్రపు గాలి. విద్యుత్తు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు (వైరింగ్ పని చేసేవాడిని):
ముందుగా ర్యాకుకు ఎర్తింగు ఇప్పించి, ఆ లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) ఉందో లేదో చూడండి. ప్లగ్గుకు వెళ్లే తీగ సాకెట్టు కన్నా కిందికి ఒకసారి వేలాడి పైకి వెళ్లేలా ఉంటే, తీగ వెంట జారిన నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. ఉప్పుగాలికి రాగి కొసలు పచ్చబడతాయి కనుక అతుకులను సిలికాన్‌తో మూయాలి, అయితే వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు రాగిని తినేస్తుంది. దుకాణంలో న్యూట్రల్ రకమే అడగండి.