రాడ్ బోల్టులు పాతవే వేయొచ్చా? చేతి అంచనా చాలదా?

పటమట కుర్రాడు:
ఆటోనగర్‌లో మా డీజిల్ కారు ఇంజిన్ దించారు. బోరింగ్ అయింది, షెల్స్ (బేరింగులు) కొత్తవే. మేస్త్రి గారేమో పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టులు పాతవే వేసేద్దాం అంటున్నారు. మాన్యువల్‌లో బోల్టులు మళ్లీ వాడొద్దని, టార్క్ (చెప్పిన అంకెకి బిగుతు) పెట్టాక ఇంకో 90 డిగ్రీలు తిప్పమని ఉంది. అదే అడిగితే "ముప్పై ఏళ్ల చెయ్యి బాబూ ఇది" అన్నారు. ఏం చేయను?

లారీ షెడ్డు:
చేత్తో బిగించే ఎన్నో ఇంజిన్లు కట్టాం, ఒక్కటీ వెనక్కి రాలేదు. కంపెనీ వాడు బోల్టులు అమ్ముకోవాలిగా మరి.

అరండల్‌పేట గుంటూరు:
బాబాయ్, మీ చేతిని తప్పు పట్టను గానీ, చెయ్యి చూసేది బిగుతుని. రాడ్‌ని పట్టి ఉంచేది బోల్టు సాగుడు. టార్క్ రెంచ్ (బిగుతు కొలిచే పానా) మీద పెట్టిన బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో నలభై శాతం మరల్లో. సాగదీసేది మిగిలిన పది. అందుకే అదే అంకెకి బిగించినా, ఆయిల్ రాస్తే ఒక సాగుడు, పొడిగా ఉంటే ఇంకొకటి. డిగ్రీల లెక్కకి ఈ గొడవ తక్కువ: మర పిచ్ (ఒక చుట్టుకి ముందుకెళ్లే దూరం) 1 మి.మీ. అయితే పావు చుట్టుకి పావు మి.మీ., అంతే. మళ్లీ వాడొద్దన్నది సాధారణంగా హద్దు దాటి సాగే రకం బోల్టు. విప్పాక పాత పొడవుకి రాదు.

లారీ షెడ్డు:
నట్టు ఉండే పాత రకానికి ఆ బాధ లేదుగా?

అరండల్‌పేట గుంటూరు:
మాన్యువల్ ఒప్పుకుంటే, మైక్రోమీటర్‌తో పొడవు కొలిచి వాడుకోండి. పైగా కారు ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు (ఆర్‌పీఎం) దాటి తిరుగుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పైకెళ్లిన పిస్టన్‌ని వెనక్కి లాగేది ఈ బోల్టులే. ఆర్‌పీఎం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలు.

లారీ షెడ్డు:
మా పిస్టన్ బరువు ఎత్తి చూశావా ఎప్పుడైనా? సరే, కొత్తవే వెయ్యండి. కానీ అంతకన్నా ముందు క్యాపుల (రాడ్‌ని క్రాంక్ చుట్టూ మూసే కింది ముక్కల) నంబర్లు చూడు తమ్ముడూ. మా షెడ్డులో ఒక పిల్లాడు రెండోదీ మూడోదీ తారుమారు చేశాడు. బిగించాక క్రాంక్ కదిలితే ఒట్టు! అప్పట్నుంచి ఒక్కో రాడ్ బిగించగానే చేత్తో ఓ చుట్టు తిప్పి చూస్తాం.

పటమట కుర్రాడు:
మేస్త్రి గారు ఒప్పుకున్నారు. బోల్టులు నేనే తేవాలట, టార్క్ రెంచ్ పక్క షెడ్డులో అరువు తెస్తారట. డిగ్రీల గేజీ మాత్రం లేదు.

అరండల్‌పేట గుంటూరు:
బోల్టు తల మీద మార్కర్‌తో గీత గీయండి. గడియారంలో 12 నుంచి 3కి వచ్చిందా, 90 అయినట్టే.

లారీ షెడ్డు:
రెంచ్ టిక్కుమనగానే ఆపమను. రెండో టిక్కు కోసం లాగే అలవాటు మా వాళ్లందరికీ ఉంది.