కూలింగ్ టవర్ ఫ్యాన్ పక్కన ఐసొలేటర్ పెట్టాల్సిందేనా, స్టాప్ బటన్ చాలదా?

హార్బర్_మెయింటెనెన్స్
నమస్తే అందరికీ. వైజాగ్‌లో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తున్నా. మేడ మీద కూలింగ్ టవర్ ఫ్యాన్ ఉంది, 15 హెచ్‌పీ, స్టార్ డెల్టా స్టార్టరేమో (మోటారుని ముందు స్టార్‌లో తక్కువ కరెంట్‌తో లేపి తర్వాత డెల్టాకి మార్చేది) రెండు ఫ్లోర్ల కింద ప్యానల్ రూంలో. మొన్న అమెరికా బయ్యర్ తరఫున ఆడిట్‌కి వచ్చినాయన ఫ్యాన్ దగ్గర నిలబడి దీని డిస్కనెక్ట్ ఏదీ అన్నాడు, అంటే కరెంట్ పూర్తిగా తెంపే ఐసొలేటర్ స్విచ్. పక్కనున్న ఎర్ర మష్రూమ్ స్టాప్ బటన్ చూపించా. ఇది కాదు, 50 అడుగుల్లోపు కంటికి కనపడేలా ఉండాలి అని రాసుకుని వెళ్లిపోయాడు. మా కాంట్రాక్టరేమో అది వాళ్ల కోడ్, మనకేటి సంబంధం అంటున్నాడు. ఎవరి మాట వినాలి? పెట్టాలంటే స్టోర్‌లో 32 ఆంప్స్ త్రీ పోల్ (మూడు వైర్లు తెంపే) రోటరీ స్విచ్ ఒకటి ఖాళీగా ఉంది, బిగించెయ్యొచ్చా?

ఆటోనగర్_ప్యానల్స్
50 అడుగులు అనేది అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ఎన్‌ఈసీలోదే, ఆర్టికల్ 430. మోటారు దగ్గర నుంచి డిస్కనెక్ట్ కనపడాలి, దూరం 15 మీటర్లు దాటకూడదు. కింద స్టార్టర్ దగ్గరున్న స్విచ్‌కి తాళం వేసుకునే వీలుంటే పైన అక్కర్లేదని ఒక మినహాయింపు ఉంది కానీ అది అందరికీ కాదు, మోటారు దగ్గర పెట్టడం కుదరకపోతేనో, పెడితే ఇంకో ప్రమాదం వస్తుందంటేనో, లేదంటే రాతపూర్వక సేఫ్టీ పద్ధతులు, ట్రైనింగ్ ఉన్న మనుషులు ఉన్న ఫ్యాక్టరీ అయితేనో.

ఇక మీ కాంట్రాక్టర్ గారి సంగతి. మనకేం సంబంధం అంటే ఎలా అండీ, మన 1956 ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 50వ రూలే చెప్పింది కదా, లింక్డ్ స్విచ్ (అన్ని ఫేజులూ ఒకేసారి తెంపేది) గానీ బ్రేకర్ గానీ చేత్తో రీసెట్ చేసే ఎమర్జెన్సీ ట్రిప్ గానీ మోటారు పక్కనే, నడిపేవాడి చేతికి అందేలా ఉండాలని. ఆ రూల్స్ పోయి 2010లో సీఈఏ (సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ) రెగ్యులేషన్స్ వచ్చాయి, మళ్లీ 2023లో కొత్తవి వచ్చాయి. మనవాళ్లు మీటర్ల లెక్క ఇవ్వలేదు, పక్కనే అన్నారు. అదింకా గట్టి మాట.

మష్రూమ్ బటన్ కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకి కరెంట్ కలిపే స్విచ్) కాయిల్‌ని మాత్రమే కట్ చేస్తుంది. కాంటాక్టులు కరిగి అతుక్కుపోయాయనుకోండి, బటన్ నొక్కినా మోటార్లో కరెంట్ అలాగే ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట బెల్ట్ మార్చడానికి బటన్ నొక్కి మూత విప్పారు, బటన్ మళ్లీ ఎవరు లాగారో తెలీదు, షిఫ్ట్ మారి కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఫ్యాన్ ఆగిపోయిందేంటని కింద స్టార్ట్ కొట్టాడు. హెల్పర్ చెయ్యి అప్పుడే పుల్లీ మీంచి తీశాడు, గ్లౌజ్ మాత్రం బెల్ట్‌తో పాటు పోయింది. అప్పట్నుంచి తాళం పడని స్విచ్‌ని నేను స్విచ్ అననండీ.

రివైండింగ్_బాబాయ్
అందరూ కోడ్ గురించే మాట్లాడుతున్నారు, ఆ త్రీ పోల్ మాట ఎవరూ పట్టించుకోలేదేటి. బాబూ, నీది స్టార్ డెల్టా, మోటారుకి ఆరు వైర్లు వెళ్తాయి. యూ1 వీ1 డబ్ల్యూ1, అంటే వైండింగ్‌ల ఒక వైపు కొసల మూడు వైర్ల మీద త్రీ పోల్ పెట్టి తిప్పేశావనుకో, రన్నింగ్‌లో డెల్టా కాంటాక్టర్ పట్టుకునే ఉంటది, మిగతా మూడు వైర్లలోంచి వైండింగ్‌కి కరెంట్ వస్తానే ఉంటది. హ్యాండిల్ ఆఫ్‌లో ఉంది కదా అని టెర్మినల్ బాక్స్‌లో చెయ్యి పెడితే అంతే సంగతులు. సిక్స్ పోల్ కావాల.

రేటింగ్ కూడా చూసుకో. 15 హెచ్‌పీ అంటే 11 కిలోవాట్, 415 వోల్ట్స్ మీద లైన్ కరెంట్ 21 ఆంప్స్ దాకా, డెల్టాలో ఒక్కో వైరుకి 12 వరకు వస్తది. స్విచ్ మీద 32 అని పెద్ద అంకె ఉంటే చాలదు, అది ఏసీ-21 లెక్క కావచ్చు, అంటే హీటర్ లాంటి లోడ్లకి. మోటారుకి ఏసీ-23 అని రాసుండాలి, అదే స్విచ్‌కి ఆ అంకె తక్కువుంటది. పక్క మీద చిన్నక్షరాల్లో ఉంటది, కళ్లజోడు పెట్టుకుని చదువుకో.

ఆటోనగర్_ప్యానల్స్
బాబాయ్ చెప్పింది కరెక్ట్, నేను వదిలేశా. ఇంకోటి, సిక్స్ పోల్‌కి ఆక్జిలరీ కాంటాక్ట్ (స్విచ్‌తో పాటు కదిలే చిన్న అదనపు కాంటాక్ట్) తీసుకోండి, మెయిన్ కంటే ముందు తెరుచుకునే రకం. దాన్ని కాయిల్ సర్క్యూట్లో సిరీస్‌లో వేస్తే హ్యాండిల్ తిప్పగానే స్టార్టర్ ఆఫ్ అయిపోతుంది. లేకపోతే కింద డెల్టా పట్టుకునే ఉంటుంది, పని అయ్యాక పైన ఆన్ చేస్తే ఫ్యాన్ స్టార్ లేకుండా డైరెక్ట్ డెల్టాలో లేస్తుంది, ఫుల్ సర్జ్. రేపు వీఎఫ్‌డీ (మోటారు స్పీడ్ మార్చే డ్రైవ్) పెట్టినా ఈ కాంటాక్టే దాని ఎనేబుల్‌కి ఇవ్వొచ్చు, నడుస్తున్న డ్రైవ్ అవుట్‌పుట్‌ని అలా తెరవడం మంచిది కాదు.

సాగర్_నగర్_సైట్
మేడ మీద అంటున్నారు, సముద్రం పక్కన అంటున్నారు, షీట్ మెటల్ బాక్స్ మాత్రం వద్దు. మా దగ్గర పౌడర్ కోటింగ్ బాక్స్ పెట్టాం, రెండు వర్షాకాలాలకి మూత స్క్రూలు రాలేదు, సుత్తి పెట్టి తీస్తే లోపల ఒక ఫేజ్ బ్లేడ్ పచ్చగా చిలుము పట్టి పాడైపోయి ఉంది. మోటారు ఒక ఫేజ్ లేకుండా, సింగిల్ ఫేజింగ్‌లో మూలుగుతా తిరిగింది. పాలీకార్బొనేట్ బాక్స్, ఐపీ65 (దుమ్ము, నీళ్లు దూరనిది), కేబుల్ గ్లాండ్లు కింద నుంచి. తాళం ఇత్తడిది. మోటారు బాడీకి ఎర్త్ రెండు విడివిడిగా ఉన్నాయో లేదో కూడా చూడండి, మా దాంట్లో ఒకటి తుప్పు పట్టి ఊడిపోయి గాల్లో వేలాడుతోంది.

హార్బర్_మెయింటెనెన్స్
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడే పైకెళ్లి చూసొచ్చా. రెండు త్రీ కోర్ కేబుళ్లు వచ్చాయి, అంటే బాబాయ్ గారన్న ఆరు వైర్లే. స్టోర్‌లో స్విచ్ మీద ఏసీ-21 అనే ఉంది! పైగా ఎర్త్ స్ట్రిప్ ఒక్కటే. సిక్స్ పోల్‌కి ఇండెంట్ పెట్టా, త్రీ పోల్‌ది వెనక్కి స్టోర్‌కే. కాంట్రాక్టర్‌కి 50వ రూల్ ఫోటో తీసి పంపా, రెండు నీలం టిక్కులు పడ్డాయి, రిప్లై మాత్రం రాలేదు.