మల్టీమీటర్ మీద చిన్న వీడియోలు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (అమలాపురం వైపు, ఐటీఐ బోధన)

నమస్కారమండీ. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ల్యాబులో ఒక్క మీటరు చుట్టూ అందరూ మూగితే, వెనక నిలబడ్డవాళ్లకు నా మోచెయ్యి తప్ప ఏమీ కనబడదు. అందుకని వోల్టేజి, కరెంటు, రెసిస్టెన్స్ కొలవడం మీద రెండు మూడు నిమిషాల వీడియోలు తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెడదామని మొదలుపెట్టాను. ఫోను పైనుంచి బిగిస్తే మీటరు అద్దం మీద లైటు మెరిసి అంకెలు కనబడటం లేదు. ఎల్ఈడీ బల్బు మార్చి చూస్తే వీడియోలో అడ్డగీతలు పరుగెడుతున్నాయి. ఇల్లేమో కొబ్బరితోటలో, పట్టపగలే గదిలో మసకగా ఉంటుంది. ఇంకో సందేహం: ముందు ఓమ్ నియమం చెప్పాలా, నేరుగా కొలతలోకి దిగిపోవాలా?

జవాబు (పాలకొల్లు, టీవీ మరమ్మతు దుకాణం)

మాస్టారూ, గదిలో ఎందుకండీ, వీధి అరుగు మీద నీడపట్టున తీయండి. మీటరును కాస్త ఏటవాలుగా పెడితే మెరుపు పక్కకు పోతుంది. రాత్రే తీయాల్సి వస్తే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్ల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంచండి, గీతలు చాలావరకు పోతాయి.

ఓమ్ నియమం పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనివి మీ చేతులు. అంకె చూపించే ముందు ఎర్ర తీగ ఏ సాకెట్లో ఉందో, నాబ్ ఎక్కడ తిరిగి ఉందో, ప్రోబులు ఎక్కడ ఆన్చారో నిదానంగా చూపించండి. నా బల్ల మీదికి వచ్చే కాలిన మీటర్లలో చాలావాటిది ఒకటే కథ. కరెంటు కొలిచాక ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్లోనే వదిలేస్తారు, ఆ తర్వాత వోల్టేజి చూద్దామని ప్రోబులు నేరుగా బ్యాటరీకో ప్లగ్గుకో పెడతారు. ఆ సాకెట్ వెనక ఉన్నది ఒక మందపాటి షంట్ తీగ, దాని రెసిస్టెన్స్ దాదాపు సున్నా. ఇంకేముంది, షార్టే! చౌక మీటర్లలో ఆ దారికి ఫ్యూజు కూడా ఉండదు, ఆ మాట సాకెట్ పక్కనే అచ్చువేసి ఉంటుంది, ఎవరూ చదవరు. కాబట్టి కరెంటు వీడియో అంకె దగ్గర ఆగకూడదు. ఎర్ర తీగ పీకి వోల్టుల సాకెట్లో పెట్టేదాకా కెమెరా నడవాలి. నిడివి ఎక్కువైందని అది మాత్రం కత్తిరించకండి.

జవాబు (భీమవరం దగ్గర, రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు)

పై ఆయన మాటతో ఏకీభవిస్తాను. 230 వోల్టులను మాత్రం మొదటి వీడియోల్లోకి తేవద్దండీ, ఫోనులో చూసిన కుర్రాడు ఇంట్లో ప్లగ్గు దగ్గర కూర్చుంటాడు. 9 వోల్టుల బ్యాటరీ చాలు. రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు ఆ బ్యాటరీ కూడా తీసేసి, రెసిస్టర్ ఒక కాలును సర్క్యూట్ నుంచి విడదీయడం చూపించండి.

నా దగ్గర పనికి చేరే కుర్రాళ్లు మీటరు చెప్పిందే వేదమనుకుంటారు. వాళ్ల కోసం ఒకటి చేయండి. రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లను సిరీస్‌లో పెట్టి 9 వోల్టులివ్వండి. లెక్క ప్రకారం ఒక్కోదాని మీద 4.5 రావాలి. లోపల 10 మెగా ఓములున్న మీటరు 4.3 దగ్గర చూపిస్తుంది. లోపల 1 మెగా ఓమే ఉన్న చౌక మీటరైతే 3 వోల్టులే చూపిస్తుంది. కొలవడానికి ఆన్చిన మీటరు తానూ ఆ రెసిస్టర్‌కు ప్యారలల్‌గా చేరిపోయింది మరి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అరుగు మీద అంకెలు స్పష్టంగా పడుతున్నాయి, కాకపోతే కాకుల గోల. తర్వాత గొంతు విడిగా రికార్డు చేసి కలుపుతాను. ఆ 3 వోల్టుల ప్రయోగం మా ల్యాబు పసుపుపచ్చ మీటరుతో సరిగ్గా అలాగే వచ్చింది. దాని వీడియోలో కారణం చెప్పను. 4.5 ఎందుకు రాలేదో కాగితం మీద రాసుకుని సోమవారం తరగతికి తెమ్మంటాను.