దాతల నిధులు తగ్గే దశలో ఆరోగ్య శాఖ ముందుగా దేన్ని చేతిలోకి తీసుకోవాలి?

తక్కువ ఆదాయ దేశాల ఆరోగ్య పాలన గురించి చదువుతూ ఒక చిక్కు దగ్గర ఆగిపోయాను. ఈ రంగంలో పనిచేసినవారు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

ప్రాథమిక ఆరోగ్య సేవలే పునాది అని 1978లో ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం తన ప్రకటనలో చెప్పింది. అయినా తరువాత వచ్చిన విదేశీ నిధుల్లో పెద్ద వాటా ఒక్కో వ్యాధికి విడిగా నడిచే కార్యక్రమాలకే చేరింది. 2000లో ఏర్పడిన గావి అనే అంతర్జాతీయ కూటమి టీకాలకు, 2002లో మొదలైన గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి ఎయిడ్స్, క్షయ, మలేరియాలకు సొమ్ము సమకూర్చాయి. వాటివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అందులో నాకు వాదన లేదు.

నాకు అంతుపట్టనిది ఆ తరువాతి దశ. తలసరి ఆదాయం నిర్ణీత హద్దు దాటాక గావి సహాయం క్రమంగా తగ్గి, టీకాల ఖర్చు ఆ దేశ బడ్జెట్ మీద పడుతుంది. కానీ ఆదాయం పెరిగినంత మాత్రాన పన్నుల వసూలు గానీ, టీకాలను చల్లగా నిల్వచేసి మారుమూల కేంద్రాలకు చేర్చే సిబ్బంది గానీ అదే వేగంతో పెరగరు కదా. బడ్జెట్‌లో కనీసం 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని ఆఫ్రికా దేశాలు 2001లో నైజీరియా రాజధాని అబుజాలో మాట ఇచ్చినా, చాలా దేశాలు ఆ మెట్టు ఎక్కలేదు. (కేటాయించిన సొమ్ము సకాలంలో విడుదల కాకపోవడం మరో తలనొప్పి.)

సిబ్బంది జీతాలు, మందుల కొనుగోలు, వ్యాధుల సమాచార నమోదు, ఈ మూడింటిలో ప్రభుత్వం ముందుగా దేని భారం ఎత్తుకుంటే మిగతావి కుప్పకూలకుండా ఉంటాయి? ఆరోగ్య శాఖకు నచ్చజెప్పడం కన్నా ఆర్థిక శాఖను ఒప్పించడమే అసలు పని అని నా అనుమానం. మీ అనుభవం ఇందుకు భిన్నంగా ఉంటే దయచేసి కారణాలతో వివరించగలరు.